ఒక్క వరుస కణాలు

"ఐదు గంటల్లోపు తేల్చాలి. తెల్ల సీసానా, నీలం సీసానా?" వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు కరుకుగా పలికింది. "తప్పుది ఎక్కిస్తే నీ చెల్లెలు మనకు దక్కదు."

ఏజెంట్ నైన్ టైం చూశాడు. నాలుగూ ఇరవై.

విదేశీ ముఠా వాడు పెన్ను ములుకుతో గుచ్చి చెల్లెలికి విషం ఎక్కించాడు. రెండు రోజులుగా స్పృహ లేదు. ఆ విషం కణం కేంద్రకాన్ని చిట్లగొట్టేదైతే విరుగుడు తెల్ల సీసా. మైటోకాండ్రియాను ఉబ్బించేదైతే నీలం. తేల్చగలిగేది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఒక్కటే. అందుకే నైన్ టెక్నీషియన్ వేషంలో ఈ ల్యాబ్‌లో చేరాడు. డిష్‌లో పెంచిన కణాలకు చెల్లెలి రక్తం తగిలించి, వాటి మీద రెసిన్ జిగురు పోసి, గట్టిపడటానికి ఓవెన్‌లో పెట్టాడు.

ల్యాబ్ ఇన్‌చార్జి మేడమ్ గట్టిపడిన ఆ రెసిన్ బ్లాకు తెచ్చి ఇచ్చింది. డిపార్ట్‌మెంట్ నమ్మిన మనిషి. చూస్తే చూపు తిప్పుకోలేని అందం.

"కంగారుపడకండి. నేనున్నాగా."

వజ్రపు కత్తి వెంట్రుకలో వెయ్యో వంతు మందాన సెక్షన్లు, అంటే పలుచటి పొరలు, తీసింది. అవి నీటి మీద తేలాయి. పుల్లకు అతికించిన కనురెప్ప వెంట్రుకతో వాటిని చిన్న రాగి జల్లెడ మీదికి తోశాడు.

మైక్రోస్కోప్ తెర మీద కేంద్రకాలన్నీ చిట్లి ఉన్నాయి.

"తెల్లది, సార్!"

"డాక్టర్ గారూ, తెల్లది ఎక్కించండి!" అటు చీఫ్ కేక వినిపించింది.

నైన్‌కు ప్రాణం లేచొచ్చింది. మళ్లీ తెర వంక చూశాడు. కణాలు గుండ్రంగా, ఒకదాని మీదొకటి గుట్టపడి ఉన్నాయి. తను వాటిని డిష్ నుంచి గీకలేదు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ముద్ద చేయలేదు. అంటుకున్నవి అంటుకున్నట్టే రెసిన్‌లో పెట్టాడు. అడ్డంగా కోస్తే ఒక్క వరుసే కనిపించాలి.

"ఆపండి! సూది ఆపండి! బ్లాకు మార్చేశారు!"

వెనక్కి తిరిగేసరికి మేడమ్ చేతిలో పిస్టల్ ఉంది.

"రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉంటే సరిపోయేదిగా?"

నైన్ రెసిన్ సీసా ఆమె ముఖాన కొట్టాడు. పిస్టల్ పేలి గుండు గోడకు తగిలింది. ఆమె చేతులు వెనక్కి విరిచి కట్టేసి, హ్యాండ్‌బ్యాగ్ బోర్లించాడు. ముఠాకు రుజువుగా చూపించడానికి దాచిన అసలు బ్లాకు లిప్‌స్టిక్ గొట్టంలో దొరికింది.

"సూది ఆపించాం. ఇంకెంతసేపురా? నాడి అందడం లేదంటున్నారు!" వైర్‌లెస్‌లో చీఫ్ అరిచాడు.

"ఉండండి సార్... కోస్తున్నా..."

ఐదుకు నిమిషం తక్కువ. తెర మీద ఒక్క వరుస కణాలు. లోపల ఉబ్బిపోయిన మైటోకాండ్రియా.

"నీలం! నీలం, సార్!" నైన్ గొంతు చించుకుని అరిచాడు. నేల మీద కూలబడి ఏడ్చేశాడు.

గంట తర్వాత వైర్‌లెస్‌లో నీరసమైన గొంతు పలికింది.

"ఉల్లిపాయ సన్నగా తరగడం రాదు నీకు. నా కేసు నీ చేతికెవరిచ్చారన్నయ్యా?"