ఆపేసిన ఫ్యాను

మే నెల. ఉదయం ఏడింటికే బెజవాడ సెగలు కక్కుతోంది. అమలమ్మ హాల్లో కాఫీ గ్లాసుతో కూర్చుందో లేదో, కోడలు దీవెన వచ్చి ఫ్యాను ఆపేసి, అక్కడే కూరలు తరుగుతూ కూర్చుంది. వరసగా ఇది పదో రోజు. పైగా నాటకానికి ఒంటిమీద స్వెట్టరొకటి! ఎండాకాలంలో ఫ్యాను కట్టేసే మనిషి మనసులో ఏముందో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదనుకుంది అమలమ్మ.

కొడుకు ఫిలిప్ డ్యూటీకి వెళ్ళగానే ఆరాలు మొదలెట్టింది. దీవెన పప్పులో ఉప్పు మరిచిపోతోంది. పదింటికే మళ్ళీ పడుకుంటోంది. చర్చిలో పాటలు పాడే పిల్ల, గొంతు బొంగురుపోయిందని మానేసింది. మొహం ఉబ్బితే అది అలకేనని అమలమ్మ తేల్చేసింది. ఇవాళ బియ్యం డబ్బా వెనక మందుబిళ్ళల సీసా దొరికేసరికి ఇక ఆగలేకపోయింది.

“ఏంటిది? దొంగచాటుగా ఏం మింగుతున్నావ్?”

“ఏం లేదండీ...”

“ఏం లేకపోతే దాచడం దేనికి? ఉక్కకి తట్టుకోలేక నేను మైలవరం కూతురింటికి పోవాలనేగా నీ ప్లాను? బ్యాగు కూడా సర్దుకున్నా. ఆ ముక్క నోటితో చెప్పు, ఇప్పుడే పోతా!”

దీవెన గోడ పట్టుకుని నిలబడింది.

“చలండీ అత్తయ్యా. ఎప్పుడూ చలే. జుట్టు రాలిపోతోంది, నాలుగు మెట్లెక్కితే కాళ్ళు లాగేస్తున్నాయి. థైరాయిడంట. ఒంటిని కాపాడాల్సిన శక్తే మెడలో ఉండే ఆ గ్రంథిని శత్రువనుకుని దెబ్బతీస్తోందంట. మా అమ్మకీ ఉంది. కుటుంబంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువన్నారు డాక్టరు గారు. రోజూ పరగడుపున ఆ బిళ్ళ వేసుకోవాలి.”

“ఆ మాట నాకు చెబితే ఏం పోయేది?”

“మొన్న క్రిస్మస్‌కి మీ అక్కగారి మనవడికి సంబంధం వచ్చింది కదండీ. పిల్లకి థైరాయిడని తెలిసి, ‘రోగిష్టి పిల్ల మనకొద్దు, పంపించెయ్యండి’ అన్నారు మీరు. అప్పుడు మీకు టీ అందించింది నేనే.” దీవెన స్వెట్టరుని ఇంకా దగ్గరికి లాక్కుంది. “నన్నూ పంపించేస్తారేమోనని...”

అమలమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. తన మాటా, ఆ టీ కప్పూ గుర్తొచ్చాయి. పరాయి పిల్ల గురించి ఎంత తేలిగ్గా అనేసిందో! ఈ ఇంట్లోంచి ఎక్కడ గెంటేస్తారోనని ఇన్నాళ్ళూ తను భయపడింది. పక్క గదిలో ఈ పిల్లా అదే భయంతో బతికింది. సిగ్గుతో ఆమెకి ఏడుపొచ్చేసింది. కోడల్ని దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు ఉదయం దీవెన హాల్లోకి వచ్చేసరికి ఫ్యాను ఆగిపోయి ఉంది. అమలమ్మ కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

“ఉక్కగా ఉంది కదండీ, వెయ్యనా?”

“వద్దు. బిళ్ళ వేసుకున్నావా? అరగంట ఆగి ఇద్దరం కలిసి కాఫీ తాగుదాం. ఇలా వచ్చి కూర్చో.” మెడ మీద కారుతున్న చెమటని కొంగుతో తుడుచుకుంటూ అమలమ్మ అంది, “నాకూ చలిగానే ఉందే!”