ఏడు రోజుల్లో మారిపోయే ముఖం

నౌపడ ఉప్పుమడుల గట్టు మీద ఏజెంట్ రవికుమార్ పట్టపగలు పదిన్నరకి చనిపోయాడు. సైలెన్సర్ పిస్టల్, ఒకే బుల్లెట్. ఉప్పు ఎత్తే కూలీలు తలలు తిప్పేసరికి మనిషి బోర్లా పడి ఉన్నాడు, కారు దుమ్ము లేపుకుంటూ పోతోంది. అతని జేబులో ఉండాల్సిన మైక్రోఫిల్మ్ డబ్బా మాయమైంది.

తూర్పు తీరంలోని నేవీ రాడార్ల రహస్యాలన్నీ ఆ ఫిల్మ్‌లో ఉన్నాయి. విదేశీ ముఠా కాజేస్తే, దాన్ని రవికుమార్ వెనక్కి లాక్కొచ్చాడు. నౌపడలో రైలెక్కి విశాఖ చేర్చాలనుకున్నాడు. చేర్చలేకపోయాడు.

టెక్కలి ఆసుపత్రిలో శవం పక్కన ఏజెంట్ రెబెక్కా నిలబడింది. రవికుమార్ ఆమెకి ఒక్కగానొక్క అన్న. ఆమెకి ఏడుపు రాలేదు. చంపినవాడు కనిపిస్తే నిలువునా చీరెయ్యాలని ఉంది.

"అన్న చేతులకి అంటుకున్నదేమిటి సార్?" అని అడిగింది.

"గట్టు మీద మట్టి అయుంటుంది," అన్నాడు చీఫ్ ఆనందరావు.

మట్టి కాదు, బూడిద. రెండు చేతులకీ మణికట్టు దాకా దట్టంగా పట్టించి ఉంది. చొక్కా జేబు మీద నల్లటి మరక. పలాసలో జీడిపిక్కలు కొట్టి తమ ఇద్దరినీ పెంచిన తల్లి కూతురికి ఇంకొకరు చెప్పాలా? పిక్క పగిలితే కారే సొన ఒంటికి తగిలిందంటే ఒకట్రెండు రోజుల్లో చర్మం పొక్కిపోతుంది. అందుకే పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకి బూడిద రాసుకుంటారు. "పిక్కల సెయ్యి మొకానికెట్టకండర్రా, మొకం మొకంలా ఉండదు," అని అమ్మ సరోజిని చిన్నప్పుడు రోజూ కేకలేసేది.

తనని వెంటాడుతున్నారని అన్నకి తెలుసు. దారిలో అమ్మ పనిచేసే షెడ్డుకి వెళ్లి ఆ డబ్బాకి సొన పూశాడు. తనని చంపి దాన్ని తీసేవాడి మీద ముద్ర పడాలని.

రెబెక్కా ఇదంతా చెప్పగానే చీఫ్ ముఖం మారిపోయింది. "అయితే రెండు రోజులు చాలు. పలాసలో 'పచ్చదీవి టూర్స్' అని కొత్త ఆఫీసు, ఆ ముఠాదే. అండమాన్‌లో ఏడు రోజుల నేచర్ అండ్ వెల్‌నెస్ హాలిడే అంటారు. ఎల్లుండి మొదటి బ్యాచ్ రైల్లో విశాఖ, అక్కణ్ణుంచి ఓడ. ఫిల్మ్ ఆ సామాన్లోనే పోతుంది. ఆఫీసు నడిపే యామిని డబుల్ ఏజెంట్, మన మనిషే. కోడ్ చెబితే సాయం చేస్తుంది. ఇంకో మాట, నాకు వాళ్లు ప్రాణాలతో కావాలి."

"ప్రాణం ఉంటే చాలా సార్?"

చీఫ్ శవం మీద దుప్పటి సర్ది బయటికి నడిచాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే జీడిపప్పు వ్యాపారి వేషంలో ఏజెంట్ బాబ్జీ, అతని భార్య వేషంలో రెబెక్కా పచ్చదీవి మెట్లెక్కారు. ఏసీ గది. బల్ల వెనక యామిని. ఎర్ర షిఫాన్ చీర, భుజాల మీద జుట్టు, సగం ముఖం కప్పేసే నల్ల కళ్లద్దాలు. బాబ్జీ నోరు తెరిచినవాడు మూయడం మర్చిపోయాడు.

యామిని బ్రోచర్ పరిచింది. "పొద్దున్న సముద్రస్నానం, తర్వాత అడవిలో నడక, ఆయిల్ మసాజ్. సాయంత్రం రెండు గంటలు మౌనం. ఏడు రోజుల్లో మీ ముఖం మీరే గుర్తుపట్టలేరు!"

"మౌనానికి అంత దూరం ఎల్లాలేటి? మాయావిడ అలిగితే మా ఇంట్లో వారం రోజులుంటాది," అన్నాడు బాబ్జీ.

రెబెక్కా కోడ్ విసిరింది. "అక్కడ కొబ్బరినీళ్లు తియ్యగా ఉంటాయేటండీ?"

"ఉద్దానం కొబ్బరంత కాదు," అంది యామిని. గొంతు తగ్గించింది. "మీకు కావలసినవాడు లోపలున్నాడు. డాక్టర్ గోపాలరావు, మసాజ్ స్పెషలిస్టు. మొన్నటి నుంచి చేతికి గ్లోవ్స్ తియ్యడం లేదు."

రెబెక్కా లోపలి తలుపు వైపు చూసింది. వెంటనే గొంతు పెంచింది. "మసాజ్ ఎలాగుంటాదో సూడకుండా మేం రాం. ఇక్కడే ఒకసారి సేయించండి!"

గోపాలరావు తెల్ల గ్లోవ్స్‌తోనే వచ్చాడు. హెర్బల్ పేస్ట్ వేడి అన్నాడు. రెబెక్కాకి అతని పీక పిసకాలనిపించింది. ఓర్చుకుంది. ఫిల్మ్ బయటపడేది రైలు దగ్గరే.

మధ్యాహ్నం పలాస స్టేషన్. గ్రీన్ సిగ్నల్ పడింది. బాబ్జీ గోపాలరావుని ఒడిసిపట్టి గ్లోవ్స్ లాగేశాడు.

అరచేతులు నున్నగా ఉన్నాయి. ఒక్క పొక్కు లేదు.

"ఏటిది మేడమ్! ఈడు కాడు!" అని అరిచాడు బాబ్జీ.

రైలు కదిలింది. రెబెక్కా బుర్ర గిర్రున తిరిగింది. గురిపెట్టి కాల్చేవాళ్లు వేలిముద్రలు పడకుండా గ్లోవ్స్ వేసుకుంటారు. చేతులకి ఏమీ కాదు. కానీ మే నెల, నౌపడ ఎండ, కాల్చి డబ్బా లాక్కున్న మనిషికి చెమట కళ్లలోకి కారుతుంది. అదే గ్లోవ్‌తో తుడుచుకుంటే?

ఏసీ గదిలో కూడా తియ్యకుండా పెట్టుకున్న నల్ల కళ్లద్దాలు!

ఆఖరి బోగీ మెట్టు మీద యామిని చెయ్యి ఊపుతోంది. రెబెక్కా పరుగెత్తి ఆ చెయ్యే పట్టుకుని ప్లాట్‌ఫాం మీదకి గుంజింది. యామిని రెండో చెయ్యి పిస్టల్ తీసింది. రెబెక్కా మోకాలితో తన్నింది. పిస్టల్ పట్టాల మీద, కళ్లద్దాలు ప్లాట్‌ఫాం మీద పడ్డాయి.

కనురెప్పలు బూరెల్లా ఉబ్బి, చుట్టూ పొక్కులు చితికి నీరు కారుతోంది. హ్యాండ్‌బ్యాగ్‌లో కలబంద గుజ్జు సీసా దొరికింది. దాని అడుగున ప్లాస్టిక్ కవర్లో ఫిల్మ్ ఉంది.

రెబెక్కా తన పిస్టల్ తీసింది. వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్లింది. అన్న వీపు మీది రంధ్రం కళ్ల ముందు ఆడింది.

"మంట... భరించలేను," అని మూలిగింది యామిని. "ఏమైనా రాయండి, ప్లీజ్!"

రెబెక్కా పిస్టల్ దించి, సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. మూత తిప్పింది. రాయలేదు.

"మా అమ్మ ఇచ్చింది, మంచి మందు. ముందు పేర్లు సెప్పు. ఒక్కొక్క పేరుకి ఒక్కొక్క సుక్క."

యామిని పదకొండు పేర్లు చెప్పింది. ఆఖరి పేరు దాకా రెబెక్కా తొందరపడలేదు.

పోలీసు జీపు దగ్గర చీఫ్ ఫిల్మ్ పుచ్చుకుని, యామిని వైపు చూసి ఉలిక్కిపడ్డాడు. "ఈమె యామినేనా? గుర్తే పట్టలేకపోయాను!"

రెబెక్కా బ్రోచర్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "వాళ్లు ఏడు రోజులు అడిగారు సార్. మా అన్న రెండ్రోజుల్లో చేసేశాడు."