ముందే వచ్చిన నవ్వు

ఆ ఆదివారం పొద్దున శేషారత్నం పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె చేతిలో అలాంటి పొరపాటు జరిగింది లేదు. మనసు వంట మీద ఉంటేగా! జాకెట్టులో దోపుకున్న సగం కాగితం మీద ఉంది.

ఆ కాగితం ముందురోజు సాయంత్రం రైల్వే టైంటేబుల్లో దొరికింది. భర్త మల్లేశ్వరరావు వచ్చే మార్చిలో రిటైరవుతున్నాడు. అయిన వారానికే నాంపల్లి స్టేషన్లో రైలెక్కి, ఇద్దరూ ఆరు నెలల పాటు దేశమంతా తిరిగి రావాలని ఎప్పటినుంచో అనుకున్నదే. పిల్లాజెల్లా లేని సంసారం, ఆపేవాళ్ళెవరు? కానీ ఈమధ్య ఆ ఊసెత్తితే చాలు, ఆయన "చూద్దాంలే" అంటున్నాడు. ఎందుకంటున్నాడో ఈ కాగితం చూశాక ఆమెకు అర్థమైంది. అది ఆడవాళ్ళ దస్తూరీ, గుండ్రటి అక్షరాలు.

"మీరు రానంటే నేనొక్కదాన్నే రైలెక్కుతాను. కానీ ప్రతి స్టేషన్లోనూ దిగి, మీరొచ్చారేమోనని చూస్తూనే ఉంటాను."

పేరు లేదు, ఊరు లేదు. కింది సగం ఎవరో చింపేశారు.

నిజానికి అనుమానం ఆ కాగితంతో పుట్టింది కాదు. యాభై ఆరులో ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ, ఆదివారం మ్యాటినీ వాళ్ళకు తప్పనిసరి. ఆబిడ్స్‌లో సినిమా చూడటం, మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి ఐస్‌క్రీం తింటూ దాని మీద వాదించుకోవడం. హీరో చేసింది తప్పని ఈవిడంటే, కాదని ఆయన. ఇంటికొచ్చి ఆమె ఇద్దరి మాటలూ నోటుపుస్తకంలో రాసేది. అలాంటి పుస్తకాలు ఇప్పటికి ఏడయ్యాయి.

మూడు నెలలుగా మాత్రం ఆయన హాల్లో అందరికంటే ముందే నవ్వుతున్నాడు. హాస్యగాడు నోరు తెరవకముందే ఈయన పకపకా నవ్వేస్తాడు. అంటే ఆ సినిమా అప్పటికే చూసేశాడన్నమాట. ఎవరితో? పైగా ఇంట్లో తను ఏం మాట్లాడినా రెప్పవేయకుండా తన మొహంలోకే చూస్తున్నాడు. తప్పు చేసినవాడు, బయటపడిందా లేదా అని చూసుకుంటున్నట్టు ఉంటుంది ఆ చూపు.

ఇల్లుగలావిడ శంకరమ్మ నీళ్ళబిందెతో గుమ్మం దగ్గర ఆగింది.

"ఏందమ్మా, మొహం గట్లున్నది? పానం బాగలేదా?"

"ఏం లేదు శంకరమ్మా."

"మీ సారును నిన్న మార్కెట్ కాడ చూసిన. ఒకామెతోని నిలబడి మాట్లాడుతుండె. ఆమె ఏందో కాయితం చేతిల బెట్టి పోయింది. ఆఫీసుదే ఉంటది, ఫికర్ చెయ్యకు."

అంతవరకూ లేని ఫికర్ ఆ మాటతోనే పట్టుకుంది. శేషారత్నం పొయ్యి మీద గిన్నె దించి, తిన్నగా వసారాలోకి నడిచింది. మల్లేశ్వరరావు అటు తిరిగి కూర్చుని బూట్లకు పాలిష్ చేసుకుంటున్నాడు.

"ఎవరండీ ఆవిడ?"

జవాబు లేదు. బ్రష్షు ఆడుతూనే ఉంది.

"మిమ్మల్నే! ప్రతి స్టేషన్లోనూ మీకోసం దిగే ఆ మహాతల్లి ఎవరు?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"సరే. కాశీ, రామేశ్వరం ఆమెతోనే తిరగండి. నేను మీతో ఏ ఊరికీ రాను. మార్చిలో బందరు పోయి మా అన్నయ్య పంచన పడి ఉంటాను."

రెండో బూటు కూడా నిగనిగలాడించాక ఆయన తీరిగ్గా వెనక్కి తిరిగాడు. "అలా నిలబడ్డావేం రత్నం? త్వరగా భోంచేస్తే టిక్కెట్లు దొరుకుతాయి. ఇవాళ్టి సినిమా బాగుంటుందిట."

రెండు దెబ్బలు వేసినా ఆమెకు అంత బాధ కలిగేది కాదు. రానని చెప్పబోయి ఆగింది. వెళ్ళాలి. హాల్లో ఈ మనిషి ఎవరి వంక చూస్తాడో కళ్ళారా చూడాలి. ఉప్పుకషాయం లాంటి పప్పును ఆయన మాట్లాడకుండా తినేశాడు.

హాల్లో ఆయన ఎవరి వంకా చూడలేదు. తెర మీద వంటవాడు బిందె నెత్తిన పెట్టుకుని ప్రవేశించగానే మాత్రం నవ్వేశాడు. వంటవాడు ఇంకా ఒక్క మాటా అనలేదు. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. శేషారత్నం పళ్ళు కొరుక్కుంది.

ఇంటర్వెల్ తర్వాత రైలు సీను వచ్చింది. కథానాయిక కిటికీ ఊచలు పట్టుకుని, కన్నీళ్ళతో అంది: "మీరు రానంటే నేనొక్కదాన్నే రైలెక్కుతాను. కానీ ప్రతి స్టేషన్లోనూ దిగి..."

శేషారత్నం చెయ్యి తనకు తెలియకుండానే జాకెట్టు మీదికి వెళ్ళింది. అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు. అంటే ఇది ప్రేమలేఖ కాదు. సినిమాలో మాటలు ఎవరో వినివచ్చి రాసిపెట్టారు.

ఆమె ఆయన వైపు వంగి అడిగింది. "ఈ మాటలు మీ టైంటేబుల్లోకి ఎలా వచ్చాయండీ?"

ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా తలూపాడు. "అవునవును, బాగా ఏడిపించింది."

ఆమె ఇంకా దగ్గరికి జరిగింది. "మన ఇల్లు కాలిపోతోందిట," అంది ఇంకాస్త గట్టిగా.

"ఆఁ, పాట కూడా బాగుంటుంది."

వసారాలో ఆగని బ్రష్షు గుర్తొచ్చింది. తన మొహానికే అతుక్కునే ఆ చూపు గుర్తొచ్చింది. తప్పు బయటపడిందేమోనని కాదు, పెదాలు ఎలా కదులుతున్నాయోనని చూస్తున్నాడు. మూడు నెలలుగా పక్కనే కూర్చుని, ఆయనలో తను చూసిందంతా దొంగతనమేనా? ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. హాలంతా ఏడుస్తోంది కనుక ఎవరూ పట్టించుకోలేదు.

మార్కెట్లో ఐస్‌క్రీం కప్పులు ముందు పెట్టుకుని, ఆమె ఆయనకు సరిగ్గా ఎదురుగా కూర్చుంది. కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

మల్లేశ్వరరావు దాన్ని చూసి తల దించుకున్నాడు.

"మా టైపిస్టు జయమణి రాసిచ్చింది. మెదక్ పిల్ల. మొగుడితో కలిసి శుక్రవారం మొదటాటకే వెళుతుంది. ముఖ్యమైన మాటలూ, నవ్వాల్సిన చోట్లూ రాసివ్వమని నేనే బతిమాలాను. ఆ చోట్లున్న కింది సగం చింపి జేబులో పెట్టుకున్నాను. చెవి నరం దెబ్బతింది, ఇక బాగుపడదన్నాడు డాక్టరు."

"నాకెందుకు చెప్పలేదు?" ఆమె ఒక్కొక్క మాటా నిదానంగా అంది.

"మాట వినపడకపోతే సినిమా అయ్యాక నీతో ఏం వాదించను రత్నం? ఇలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాడితో ఆరు నెలలు ఊళ్ళు తిరగడానికి నువ్వెందుకొస్తావు?" ఆయన కళ్ళు నిండాయి. చెంచా కప్పులో వదిలేశాడు.

శేషారత్నం ఆయన చేతిని పట్టుకుంది. "నేనెంత పాపిష్టిదాన్నండీ! మీ మీద ఏమేమి అనుకున్నానో తెలుసా?" ఆ మాట తల వంచుకుని అంది కనుక ఆయనకు అందలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని మొహం ఎత్తింది. "ఇకనుంచి వాళ్ళేమన్నారో నేను చెబుతాను. మీకేం తోచిందో మీరు చెప్పండి. పుస్తకంలో అదీ రాస్తాను."

ఆయన కాస్త తేరుకున్నాడు. "రైలు సీనప్పుడు నువ్వేదో అడిగావు. నేనేదో తోచింది అనేశాను. ఏమడిగావు?"

ఆమె బల్ల మీది కాగితాన్ని మడిచి మళ్ళీ జాకెట్టులో దోపుకుంది. ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"మార్చిలో మనం ఏ రైలెక్కుతున్నామని అడిగాను."

మల్లేశ్వరరావు ఆమె పెదాలనే చూస్తూ ఉన్నాడు. ఈసారి మాట పూర్తయ్యాకే నవ్వాడు.