ఇవాళ ఏ వారం?

మా ఆవిడ నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను సెలైన్ స్టాండును మేస్త్రీ అనుకుని సెలవు అడుగుతున్నాను. పెళ్ళయ్యాక ఆ సంగతి నలుగురిలో చెప్పి నవ్వేది.

ఇనుము కరిగించే కార్ఖానాలో కొలిమి దగ్గర పని నాది. ఆ రోజు చెమటలు ధారకట్టాయి. తిండి మాని బిందెడు నీళ్ళు తాగాను. తలనొప్పి, వాంతులు, ఆపైన తికమక మాటలు. ఆస్పత్రిలో చేర్చారు. వట్టి నీళ్ళు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోయిందన్నారు. ఆమె ఆ వార్డులో నర్సు.

"కాసిని నీళ్ళివ్వండి," అన్నాను తెలివి రాగానే.

"కొలిచి ఇస్తాను. చెరువు తాగి వచ్చారు, చాలలేదా?"

గంటకోసారి వచ్చి అడిగేది, "ఇవాళ ఏ వారం?" అని. తెలివి కుదురుగా ఉందో లేదో చూడడానికట. మూడో రోజుకు నాకు అన్నీ తెలుస్తున్నాయి. సరిగ్గా చెబితే వెళ్ళిపోతుంది. అందుకని గురువారం నాడు ఆదివారం అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. డాక్టర్ని లాక్కొచ్చింది. మళ్ళీ రక్తం తీశారు. సోడియం సరిగ్గానే ఉంది.

"ఎందుకు చెప్పారు అబద్ధం?"

"మీరు ఇంకాసేపు ఉంటారని."

"ఇంకోసారి ఇలా చేస్తే మొద్దు సూది తెస్తాను," అంది. కానీ వెళ్ళలేదు. కుర్చీ లాక్కుంది.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో అది మా ఆట. ఒకరు అలిగితే ఇంకొకరు వారం అడగడం, తప్పు చెప్పడం, నవ్వుకోవడం.

అందుకే ఒక బుధవారం పొద్దున ఆమె సోమవారం అంటే నవ్వాను. బీపీకి కొత్తగా ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకుంటోంది. రెండు రోజులుగా తలనొప్పి, వికారం అంటోంది. రెండూ నేను పడినవే. అయినా మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉన్నాను. ఆమె తన చెప్పులు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాక నవ్వు ఆగింది. ఆ పూట నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆస్పత్రిలో చూస్తే, నూట ముప్ఫై అయిదు పైన ఉండాల్సిన సోడియం నూట పదహారు. మాత్ర మాన్పించారు. ఒక్కసారిగా పెంచితే మెదడుకు దెబ్బ, మెల్లగా పెంచాలంది డాక్టరమ్మ. గంటకోసారి నేనే ఆమెను వారం అడిగాను. రెండు రోజులు అన్నీ తప్పులే.

శనివారం పొద్దున కాఫీకి లేస్తూ అడిగాను.

"ఆదివారం," అంది.

డాక్టరమ్మ కోసం పరుగెత్తబోయాను. చొక్కా పట్టుకుని ఆపింది.

"శనివారమే లెండి. మీరు ఇంకాసేపు ఉంటారని."

ఆ ఇంకాసేపు తొమ్మిదేళ్ళు సాగింది. చాలలేదు.