మెడ వైపు రంగు

పొద్దుటి నుంచి పొయ్యి మీదున్న కుందేలు మాంసం ఎవరి కోసం ఆగుతుందని అత్తగారు గిస్లేన్ అడగడం అది మూడోసారి. ఊళ్ళో ఒక మనిషి ఒళ్ళంతా కాలి ఆసుపత్రిలో పడి ఉంటే ఇంట్లో ఆదివారం విందు ఏమిటని కోడలు సొలాంజ్ అనడమూ మూడోసారే. సొలాంజ్ తీసేసిన పళ్ళేలను గిస్లేన్ మళ్ళీ తెచ్చి బల్ల మీద పెడుతోంది.

గుమ్మంలో నిలబడ్డ పోలీసు కెప్టెన్ ఇరెన్ కుబియాక్‌ను చూసి ఇద్దరూ ఆగారు.

నవంబరు పదకొండు. యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకునే రోజు. మధ్యాహ్నం పన్నెండూ నలభై.

ముందురోజు సాయంత్రం ఈ ఊళ్ళో, బ్రెల్వాల్‌లో, మాజీ సైనికుల హాలు తగలబడింది. లోపలి జెండాలను కాపాడబోయి, ఏటా వాటిని మోసే ముసలాయన ఫిర్మేన్ కాలిపోయాడు. రాత్రి గడిస్తే చూద్దామన్నారు లీల్ ఆసుపత్రి డాక్టర్లు. రాత్రి గడిచింది. వాళ్ళు ఇంకా అదే మాట అంటున్నారు.

ఆ రాత్రే స్టేషన్‌కు పేరు చెప్పని ఫోన్ వచ్చింది. నిప్పు పెట్టినవాడి కోసం వలస కూలీల హాస్టల్ వెతకమన్నారు. ఇద్రీస్ అనే సూడాన్ మనిషి పరుపు కింద, పదవిలో ఉన్నవాళ్ళు వేడుకల్లో వేసుకునే నీలం, తెలుపు, ఎరుపు మూడు రంగుల భుజంపట్టీ దొరికింది. ఈ ఇంటి యజమాని, సొలాంజ్ భర్త, ఎంపీ రెజిస్ వాందెవాల్‌ది. శుక్రవారం కారులోంచి పోయిందని శనివారం ఆయన ఫిర్యాదు చేసిన పట్టీ.

బొగ్గు గనులు మూతపడ్డ ఊళ్ళో, మన ఊరు మనవాళ్ళకే అన్న ఒక్క మాట పట్టుకుని పైకి వచ్చినవాడు రెజిస్. పన్నెండేళ్ళు మేయర్. జూన్‌లో ఎంపీ అయ్యాడు. రెండు పదవులూ ఉంచుకోకూడదు కాబట్టి మేయర్ కుర్చీ వదిలాడు. వచ్చే నెలలో పార్టీ ఉత్తరాది నాయకుణ్ణి ఎన్నుకుంటుంది. ఆయన కంటే కుర్రవాడు ఒకడు ముందున్నాడని అందరికీ తెలుసు. తెలుసు అనేది నిన్నటి మాట. ఈ పొద్దున స్మారకస్తంభం దగ్గర రెజిస్ పట్టీ లేకుండా నిలబడ్డాడు. దేశపు రంగులను నా భుజం మీంచే ఎత్తుకుపోయారు అన్నాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. గంట తిరక్కుండా హాస్టల్ కిటికీలన్నీ పగిలాయి.

ఇద్రీస్ ఎండివ్ కూర పెంచే చీకటి షెడ్డులో కూలీ. ఆ గుడ్డ తానెప్పుడూ చూడలేదని రాత్రంతా చెప్పాడు. పొద్దునకు అది కూడా మానేశాడు. మంచినీళ్ళు ముట్టలేదు. నుదుటిని గోడకేసి మెల్లగా కొట్టుకుంటున్నాడు, తలుపు తడుతున్నట్టు. నాలుగింటికి జడ్జి ముందు పెట్టాలి. కేసు తేలిపోయింది, ఇంకేం తవ్వుతావని ఇరెన్ పైఅధికారి విసుక్కున్నాడు.

నాలుగు దాటితే ఆ మనిషి జైలుకే. ఆ తర్వాత అతని మాట వినేవాళ్ళు ఉండరు.

రెజిస్, అతని తమ్ముడు ఎర్వే భోజనాల గదిలోకి వచ్చారు. అన్న ఎన్నికలన్నీ నడిపేది ఎర్వేనే. నలుగురినీ కూర్చోమంది ఇరెన్. ముసలావిడ ఆమెను ఎగాదిగా చూసింది.

"కుబియాక్. అంటే పోలండు వాళ్ళా?"

"మా తాత అక్కణ్ణుంచి వచ్చాడండీ. గనిలో పనికి."

"అదీ. మీవాళ్ళు పని చేయడానికి వచ్చారు."

"ఇద్రీసూ పనే చేస్తున్నాడు," అంది ఇరెన్.

సీలు వేసిన ప్లాస్టిక్ సంచిలోని పట్టీని పళ్ళేల మధ్య పెట్టింది.

"సార్, ఇది మీదేనా?"

"నిన్ననే చెప్పాను. నాదే."

"శుక్రవారం కారులో ఉన్నది ఇదేనా?"

"ఇదే."

"అంతకుముందు ఎప్పుడు వేసుకున్నారు?"

"బుధవారం. పారిస్ ఊరేగింపులో."

"ముడి దగ్గర కుట్టు ఎవరిది?"

సొలాంజ్ తలెత్తింది. "నాది. ఆయనకు ముడి వేసుకోవడం చేతకాదు. నడుము దగ్గర ముడి కట్టి కుట్టేస్తాను. తల మీంచి తగిలించుకుంటే చాలు."

"అంటే ఒక్క వైపే వేసుకోవాలి."

"అవును. తిరగేస్తే ముడి లోపలికి పోతుంది."

ఇరెన్ తన ఫోన్‌లో బుధవారం నాటి ఫోటో తెరిచి బల్ల మీద పెట్టింది. ఫోటోలో రెజిస్ భుజం మీద మెడ వైపున్న రంగు ఎరుపు. సంచిలో ఉన్న పట్టీని కుట్టిన తీరు చూస్తే మెడ వైపు వచ్చేది నీలం.

ఎర్వే నవ్వాడు. "ఉన్నవి మూడు రంగులే కదా కెప్టెన్ గారూ. ఏది పైకుంటే ఏమిటి?"

ఆ మాటకు రెజిస్ కళ్ళు మూసుకున్నాడు. ఇరెన్ చూసింది.

"మీరు ఎప్పుడూ వేసుకోలేదు కాబట్టి ఏమీ లేదు," అంది. "మేయర్‌కి నీలం మెడ వైపు. ఎంపీకి ఎరుపు మెడ వైపు. నేనూ రాత్రి నుంచి ఈ సంచిని చూస్తూనే ఉన్నాను, తట్టలేదు. పొద్దున స్తంభం దగ్గర ఇప్పటి మేయర్ భుజం చూశాక తట్టింది. ఆయన పట్టీ ఆయన దగ్గరే ఉంది, దానికి కుట్టూ లేదు. ఇది మీ అన్నగారు మేయర్‌గా ఉన్నప్పటిది. జూన్ నుంచి ఆయనకు దీనితో పనే లేదు. ఇంట్లో దాచిన పట్టీ ఇద్రీస్ పరుపు కిందికి ఎలా నడిచి వెళ్ళింది?"

గిస్లేన్ సంచి పక్కనున్న పళ్ళేన్ని సర్దింది.

"పట్టీ తీసుకెళ్ళమని ఎవరో చెప్పారు. తీసుకెళ్ళినవాళ్ళకు రెండూ ఒకటే అనిపించాయి. చేతికందింది పట్టుకుపోయారు. కానీ సార్, పన్నెండేళ్ళు దీన్ని మోసినవారు మీరు. స్టేషన్‌లో చూసిన క్షణమే తప్పు పట్టీ అని తెలిసి ఉంటుంది. అయినా నాదేనని సంతకం పెట్టారు. ఎర్ర అంచు పైకుండేది ఎక్కడుంది?"

రెజిస్ ఇరవై ఏళ్ళుగా సభల్లో ప్రశ్నలకు జవాబులు చెప్పినవాడు. తడబాటు ఒక్క నిమిషమే.

"రెండూ కారులోనే ఉన్నాయి. రెండూ పోయాయి. కంగారులో ఒకదాని సంగతే చెప్పాను. కోర్టులో దీనికి మించి మీరేం చెప్పగలరు?"

ఇరెన్ దగ్గర ఇంకేమీ లేదు. రెండు పట్టీలు అనే ఆ చిన్న మాటతో ఆమె దారి మూసుకుపోయింది. పట్టీలు ఎక్కడ ఉంచుతారని అడిగి, వెళ్ళి గది సొరుగు తీసి చూసింది. దిండు గలీబులు తప్ప ఏమీ లేవు. తిరిగి వచ్చింది. చూసిన మనిషి ఒకరు కావాలి. ఉంటే ఈ గదిలోనే ఉండాలి. భర్త మీద సాక్ష్యం చెప్పమని భార్యను ఏ చట్టమూ బలవంతపెట్టదు. ఆ సంగతి సొలాంజ్‌కు ఆమె దాచకుండా చెప్పింది. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరని కూడా చెప్పింది.

సొలాంజ్ కూర్చున్నచోటి నుంచే పళ్ళేలను ఒకదాని మీద ఒకటి పేర్చసాగింది.

ఒకటీ ఇరవైకి ఇరెన్ ఫోన్ మోగింది. విని, పెట్టేసింది.

"ఫిర్మేన్ గారు పోయారు," అంది.

ఎర్వే లేచి నిలబడ్డాడు. హాలుకు తాళం ఉందనీ, ఆ వేళప్పుడు లోపల ఎవరూ ఉండరనీ గొణిగాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు.

"ఒరే, నోరు మూసుకో," అంది తల్లి. గొంతు పెంచలేదు. అది విన్నాక ఆవిడకు కూడా తెలుసని ఇరెన్‌కు అర్థమైంది.

రెజిస్ భార్య వైపు వంగాడు. పన్నెండేళ్ళ కష్టం ఒక్క పూటలో మట్టి కొట్టుకుపోతుందన్నాడు. ఇది తన ఒక్కడి కోసం కాదు, ఊరి కోసమన్నాడు. ఆ హాస్టల్ వాడు ఇవాళ కాకపోతే రేపైనా ఏదో ఒకటి చేసేవాడే అన్నాడు. వేదిక మీద మాట్లాడే గొంతే అది, కాస్త తగ్గించి.

సొలాంజ్ చివరిదాకా విన్నది. కళ్ళలో నీళ్ళు లేవు. ఫిర్మేన్ తన పెళ్ళికి సాక్షి సంతకం చేసినవాడని ఒక్కసారి అంది, అంతే. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి లేచింది. అత్తను, మరిదిని, భర్తను వరసగా చూసింది.

"శనివారం పొద్దున ఎర్ర అంచు పట్టీని ఇస్త్రీ చేసి సొరుగులో పెట్టింది నేనే. కారులోంచి పోయిందని సాయంత్రం టీవీలో విన్నాక వెళ్ళి చూశాను. అక్కడే ఉంది. నీలం అంచుది లేదు. ఇవాళ పొద్దునకు ఎర్రదీ లేదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "కెప్టెన్ గారితో స్టేషన్‌కి వెళ్తున్నాను. ఇదంతా రాసిచ్చి సంతకం పెడతాను. నాలుగింటిలోపు ఆ మనిషిని వదిలితే చూసి, అప్పుడు మా అక్క ఇంటికి వెళ్ళిపోతాను. నా కోసం ఎవరూ రావద్దు."