యాప్ లేని కూత

గొడుగు తన తలమీద పట్టమనలేదు, ఫోన్ మీద పట్టమంది.

"ఓ అన్నా, ఆ గొడుగు రవ్వంత ఇట్ల పట్టు. ఫోన్ తడిస్తే మ్యాచ్ ఆగిపోతాది."

మదనపల్లెలో ఒక స్కూలు గ్రౌండు. ఆడపిల్లల కబడ్డీ. సన్నగా తుంపర. నిజానికి హరినాథ్‌కి ఆటలతో ఏ సంబంధమూ లేదు. టమోటా మార్కెట్ యార్డులో నాన్నకు క్యారియర్ ఇచ్చి ఇంటికి పోతూ, ఈలలు వినబడితే గేటులోంచి తొంగిచూశాడు, అంతే. పక్కనే ఒక అమ్మాయి తడిసి ముద్దవుతూ ఫోన్‌లో టకటకా టైపు చేస్తోంది. చెప్పినట్టే గొడుగు పట్టాడు గానీ, ఆ "అన్నా" దగ్గర కొంచెం నొచ్చుకున్నాడు. పెళ్లీడుకొచ్చిన కుర్రాణ్ణి, అందులోనూ కొత్త చొక్కా వేసుకున్న రోజున, అంత తొందరపడి అన్నను చేసేయడం న్యాయం కాదు.

"రాణి కూతకు వెళ్లింది. ఇద్దరిని తాకి గీత దాటి వచ్చింది" అని పడింది తెరమీద. పైన పెద్ద అక్షరాల్లో 'కూత' అని పేరుంది.

"ఇది యాపా?" అన్నాడు, ఊరుకోలేక.

"కాదు, వెబ్‌సైటు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ పక్క ఏ ఊర్లో ఆట జరిగినా దీంట్లో వస్తాది."

"యాప్ ఎందుకు లేదు?"

అప్పుడు చూసింది ఆమె అతన్ని. ఆ చూపులో మర్యాదేమీ లేదు గానీ కళ్లు మాత్రం బాగున్నాయి.

"నువ్వేం చేస్తావన్నా?"

"యాప్‌లే చేస్తా. బెంగుళూరు కంపెనీకి, ఇంట్లో కూర్చోని. కావాలంటే మీకొకటి చేసిస్తా."

"ముందు గొడుగు నేరుగా పట్టు. చెయ్యి వణకతాండాది."

చెయ్యి వణికింది చలికి కాదు. ఆ సంగతి తనతో తాను ఒప్పుకోవడానికి అతనికి ఇంకొన్ని మ్యాచ్‌లు పట్టింది.

ఆనాటి నుంచి హరినాథ్‌కి ఎక్కడలేని క్రీడాభిమానం పుట్టుకొచ్చింది. కబడ్డీ అయితే కబడ్డీ, వాలీబాల్ అయితే వాలీబాల్, ఎక్కడ ఆట ఉంటే అక్కడికి గొడుగుతో సహా ప్రత్యక్షం. ఎండాకాలంలో కూడా గొడుగేనని స్నేహితులు నవ్వారు. ఆమె పేరు మాలతి అనీ, ఊరు పుంగనూరనీ, ఇదివరకు ఒక పత్రికలో పనిచేసిందనీ తెలిసింది. ఈ ఊళ్ల ఆటలకు పేపర్లో మూలన రెండు లైన్లు దొరకడమే గగనం కావడంతో, విసిగిపోయి, ఉద్యోగం మానేసి 'కూత' మొదలుపెట్టిందట. బస్సుల్లో తిరుగుతుంది, బస్సుల్లోనే రాస్తుంది. కొన్నాళ్లకు "అన్నా" మాయమైంది, "హరీ" వచ్చింది. ఆ రోజు అతను ఇంటికి వెళ్లి అమ్మను ఊరికే నవ్వించాడు.

యాప్ గొడవ మాత్రం తెమల్లేదు. ఒకసారి పుంగనూరులో వాళ్లింటి అరుగు మీద, పకోడీల పళ్లెం మధ్యలో పెట్టుకుని, పంచాయితీ పెట్టారు. పెద్దమనిషి మాలతి వాళ్ల నాన్న వెంకటముని. స్కూల్లో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు.

"నాయనా, నీ ఫోన్ ఇట్లియ్యి," అంది మాలతి. తీసుకుని హరినాథ్ ముఖం ముందు పెట్టింది. "సూడు. అంతా నిండిపోయిండాది. గుడ్ మార్నింగ్ పూలు, ఎవరెవరి పెండ్లి వీడియోలో. దీంట్లో నీ యాప్ యాడ పెడతావు?"

"ఆ పూలు తీసేయాకమ్మా," అన్నాడు వెంకటముని. "పాపం, రోజూ పంపిస్తారు."

"ఇదిగో, వీళ్లే మా పాఠకులు. వాట్సాప్‌లో లింకు వస్తాది, ఒక్కసారి నొక్కితే స్కోరు కనపడల్ల. డౌన్‌లోడ్ చేసుకో, పేరు సెప్పు, ఓటీపీ కొట్టు అంటే అంతలోపల ఆట అయిపోతాది. వి.కోట దావలో సిగ్నల్ ఎంతుంటాదో నీకు తెలుసు గదా. ఇంకొకటి, రేపు ఏ పిల్లయినా గూగుల్‌లో తన పేరు కొట్టుకుంటే మేం రాసింది దొరకల్ల. యాప్ లోపల పెట్టి మూసేస్తే యాడ దొరకతాది?"

"యాప్ ఉంటే ఎవరెవరు చదవతాండారో పేర్లతో తెలుస్తాది మాలతీ. అది చిన్న విషయమా?"

"నాకు పేర్లెందుకు? సాయంత్రమైతే ఊర్ల లెక్క సూసుకుంటా. కుప్పంలో ఇంతమంది, పలమనేరులో ఇంతమంది, బెంగుళూరులో ఇంతమంది అని వస్తాది. ఎవరో తెలియకుండానే మనల్ని సదివేవాళ్లు ఉండారంటే, అదొక సంతోషం హరీ. నీకు అర్థం కాదులే."

నిజంగానే అర్థం కాలేదు. చాదస్తం అనుకున్నాడు. కానీ చాదస్తం మాట్లాడుతున్నప్పుడు ఆమె ముఖం చూడ్డానికి బాగుంది కాబట్టి ఎదురు చెప్పలేదు.

"సరే, అంత ముచ్చటగా ఉంటే చేసుకో," అంది చివరికి ఆమే మెత్తబడి. "సైటుకు మాత్రం అడ్డం పెట్టొద్దు."

వెంకటముని పకోడీ ముక్క నోట్లో వేసుకుని, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా అన్నాడు: "ఏమప్పా హరినాథూ, మీ నాయన్ను ఒకసారి మా ఇంటికి పిల్చుకోని రాకూడదా?"

మాలతి గబగబా టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. హరినాథ్ ఇంకా తాగని గ్లాసు కూడా అందులోనే పోయింది.

ఇక అతని కాళ్లు నేలమీద లేవు. నాన్న వచ్చే రోజుకి చూపించుకోవడానికి తన చేతిలో ఏదో ఒకటి ఉండాలనుకున్నాడు. పట్టుబట్టి యాప్ తయారు చేశాడు. అందంగానే వచ్చింది. డౌన్‌లోడ్ చేసుకున్నది మాత్రం వెంకటముని ఒక్కడే, అదీ పూలు కొన్ని త్యాగం చేసి.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ పెళ్లిపందిట్లో ముగిసేది. కానీ ఆగలేదు. సైటు తెరిచేదీ మూసేదీ అతనికి తెలుసు. పని తెలిసినవాడని మాలతి తాళం ఇచ్చినట్టే అన్నీ అప్పజెప్పింది. ఒక సాయంత్రం అతను లింకు నొక్కినవాళ్లకి తెర నిండా ఒక డబ్బా కనబడేట్టు పెట్టాడు. 'కూత ఇక యాప్‌లో' అని పెద్ద అక్షరాలు, కింద ఆకుపచ్చ బటన్. మూసేసే గుర్తు పై మూలన చీమతలంత ఉంది. మర్నాడు సంఖ్య పెరిగాక ఆమెకు చూపించి ఆశ్చర్యపరచాలని అతని ఆలోచన. అడిగితే వద్దంటుందని తెలుసు. అందుకే అడగలేదు.

సరిగ్గా ఆ సాయంత్రమే రాష్ట్ర శిబిరానికి ఎంపికైన కబడ్డీ పిల్లల జాబితా వచ్చింది. మరుసటి రోజు పొద్దున్నే కుప్పం గ్రౌండు నుంచి బస్సు. ఎప్పటిలాగే నిర్వాహకులు జాబితాను 'కూత'కు పంపి ఊరుకున్నారు, అందరూ అక్కడే చూస్తారని వాళ్ల ధీమా. మాలతి పెట్టింది, లింకు గ్రూపుల్లోకి వెళ్లింది. రాణి పేరు అందులో ఉంది.

వి.కోట దగ్గర పల్లెలో రాణి వాళ్ల నాన్న బాలప్ప ఆ లింకు నొక్కాడు. డబ్బా వచ్చింది. బటన్ నొక్కితే ఫోన్‌లో చోటు లేదంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే మాట. "ఇది పెద్ద ఫోన్లు ఉండేవాళ్లకు పెట్టినట్టుండాదిలేమ్మా. నీ పేరుంటే ఎవరో ఒకరు ఫోన్ చేయరా?" అని కూతురితో అని ఫోన్ పక్కన పెట్టేశాడు. ఎవరూ చేయలేదు. అందరూ చూసుకుని ఉంటారనే అందరూ అనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మాలతి ఫోన్ చేసింది.

"హరీ, సైటు మీద ఆ డబ్బా ఎవరు పెట్టినారు?"

"నేనే. నీకు సర్‌ప్రైజ్‌గా ఉంటాదని…"

ఆమె అతని మాట పూర్తి కానివ్వలేదు.

"రాణి బస్సు ఎక్కలేదు. ఆ పిల్ల ఏడస్తాండాది," అని పెట్టేసింది.

డబ్బా తీసేయడానికి నిమిషం పట్టలేదు. రాణికి మాత్రం ఏడాది పోయింది, శిబిరం మళ్లీ వచ్చే ఏడే. మాలతి బాలప్ప ఇంటికి వెళ్లి తప్పు నాదని చెప్పుకుంది. సైటు మీద కూడా తప్పు మాదేనని తన పేరుతో రాసింది. హరినాథ్ పేరు ఎక్కడా రానివ్వలేదు. తిట్టి ఉంటే భరించేవాడేమో, అది మాత్రం భరించలేకపోయాడు. వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"నువ్వు చెడ్డోడివి కాదు హరీ," అంది ఆమె. "వద్దంటానని తెలిసే నన్ను అడగలేదు, అదే నాకు బాధ. కొన్నాళ్లు రావద్దు. కోపం తగ్గినాంక రా."

రమ్మని కూడా అంది ఆమె. కానీ సిగ్గుతో చచ్చిపోతున్న మనిషి చెవికి "రావద్దు" ఒక్కటే అందింది. అతను ఆఫీసుకు రాసి బెంగుళూరు బదిలీ చేయించుకున్నాడు. నాన్నను పుంగనూరు తీసుకెళ్లే మాట అలాగే ఉండిపోయింది.

బెంగుళూరులో అతను చేసిన మంచిపని ఒకటే. రోజూ 'కూత' చదివాడు. ఏ ఊళ్లో ఆట ఉన్నా, ఆఫీసు మీటింగులో కూర్చుని కూడా, లింకు తెరిచి వేచి చూసేవాడు. ఆమె సాయంత్రం ఊళ్ల లెక్క చూసుకుంటుంది గదా, బెంగుళూరు అని కనబడగానే తనే అనుకుంటుందని అతని నమ్మకం. అదే తన క్షమాపణ అనుకున్నాడు, తను పంపే కబురూ అదేననుకున్నాడు. మెసేజ్ ఎన్నోసార్లు టైపు చేశాడు, ప్రతిసారీ చెరిపేశాడు. చదువుతూనే ఉన్నాను గదా, ఆమెకు తెలుస్తూనే ఉంటుంది గదా అని సర్దిచెప్పుకున్నాడు. పిరికితనానికి అంతకంటే సుఖమైన చోటు ఎక్కడ దొరుకుతుంది.

అలా రెండు వానాకాలాలు గడిచాక ఒకరోజు 'కూత'లో కనబడింది: కుప్పంలో ఫైనల్, జిల్లా జట్టు కెప్టెన్ రాణి. ఆ పిల్ల నిలదొక్కుకుందని హరినాథ్‌కి ఊరట కలిగింది. ఇక ముఖం చూపించవచ్చు అనుకున్నాడు. గొడుగు తీసుకుని కుప్పం రైలెక్కాడు.

గ్రౌండులో తుంపర పడుతోంది. మాలతి గీత పక్కన కుర్చీ వేసుకుని, ఫోన్‌ను చున్నీ కొంగుతో కప్పుకుంటూ టైపు చేస్తోంది. అతను వెళ్లి ఏమీ అనకుండా ఫోన్ మీద గొడుగు పట్టాడు. ఆమె తలెత్తింది. నవ్వబోయింది, ఆ నవ్వు సగంలో ఆగింది.

"హరీ. ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే. రాణి ఆడతాండాది గదా."

"ఊఁ. బాగా ఆడతాండాది."

రాణి కూతకు వెళ్తూ ఇటు చూసింది. పాత గొడుగు మనిషిని గుర్తుపట్టి నవ్వింది, ఆ డబ్బా పెట్టింది అతనేనని ఆ పిల్లకు తెలియదు. మాలతి ఎప్పుడూ చెప్పలేదని అతనికి అర్థమైంది. అప్పుడే ఆమె చేతికి ఉంగరం చూశాడు.

"నిశ్చయమైంది," అంది ఆమె, చూపు ఆట మీదనే ఉంచి. "పలమనేరు అబ్బాయి. పాల డెయిరీ చూసుకుంటాడు. మంచోడు."

"నీకు ఇష్టమేనా?"

"ఇష్టం లేకుండా ఒప్పుకుంటానా నేను?"

ఆమె సంగతి తెలిసినవాడే కాబట్టి అతను తలూపాడు. ఆగి, ఇన్నాళ్లూ దాచుకున్న ఒక్క మాటా చెప్పేశాడు.

"మాలతీ, నేను ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు. అన్నీ చదివినాను. బెంగుళూరు నుంచి చూస్తాండేది నేనేనని నీకు తెలుస్తాదనుకున్యా."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఒక పాయింటు రాయకుండానే పోయింది.

"నాకెట్ల తెలుస్తాది హరీ? పుంగనూరోళ్లు, కుప్పమోళ్లు సగంమంది బెంగుళూరులోనే ఉండారు. మాది యాప్ కాదు గదా, పేర్లు రావు." చూపు మళ్లీ ఆట మీదికి తిప్పింది. "రోజూ సూసేదాన్ని. బెంగుళూరు అని వస్తే, వాళ్లల్లో నువ్వుండావేమోనని. ఉండావని ఒకరోజు, లేవని ఒకరోజు అనుకునేదాన్ని. ఏడాది సూసినాను. ఒక్క మెసేజ్ పెట్టింటే సాలుండె. కోపం తగ్గినాంక రమ్మని సెప్పినాను గదా."

 రావద్దన్నదే గుర్తుపెట్టుకున్నానని అతను ఏ ముఖంతో చెబుతాడు.

వాన పెరిగింది. ఆమె కళ్లు తుడుచుకుని, తప్పిపోయిన పాయింటు వెతికి రాసింది. "గొడుగు ఇంకా రవ్వంత ఇట్ల పట్టు హరీ," అంది మెల్లగా. ఆట అయ్యేదాకా అతను పట్టాడు. ఈసారి చెయ్యి వణికినా ఆమె ఏమీ అనలేదు.

రాణి జట్టు గెలిచింది. పిల్లలు బురదలో ఎగురుతుంటే మాలతి ఫోటో తీసి పెట్టింది. వెళ్లబోతూ అతను అడిగాడు:

"ఇంక నేను చదవొద్దా?"

"సదువుకో. సదివేవాళ్లను వద్దనే సైటు కాదు మాది," అంది.

రైలు బెంగుళూరు చేరబోతుండగా హరినాథ్ ఫోన్ తీసి లింకు నొక్కాడు. తన కళ్లతో చూసిన ఆటే, అయినా మొదటినుంచి చదివాడు. ఒకచోట రాణి కూత ఒకటి ఆలస్యంగా నమోదైంది, ఎందుకో రాయలేదు. సాయంత్రం ఆమె లెక్క చూసుకునేసరికి బెంగుళూరులో ఒకరు పెరిగి ఉంటారు. పేజీ ఎప్పటిలాగే వెంటనే తెరుచుకుంది, ఎవరు నువ్వని అడగలేదు.