మూడు దారుల మలుపు దగ్గర కరకర

బ్రిటన్‌లో, కార్డిఫ్‌లోని పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల యూనిట్‌కి వెళ్ళే దారిలో ఒక మలుపుంది. పగలంతా సంతలా ఉంటుంది. రాత్రయిందంటే మాత్రం అక్కడ ఒంటరిగా ఎవరూ నిలబడరు.

మూడు కారిడార్లు కలిసే చోటది. ఒకటి యూనిట్‌కి. ఒకటి ఆ పిల్లల తల్లిదండ్రులు రాత్రిళ్ళు పడుకునే గదులకి. మూడోది... ఎప్పుడో మూసేసిన పాత పసిపిల్లల వార్డుకి. అటు ఎవరికీ పనిలేదు.

ట్రాలీలు తోసే పోర్టర్లని కదిపితే కథలు కథలుగా చెబుతారు. ఒకాయనకి వెనకాల ఎవరో నడిచొస్తున్నట్టు అనిపించిందట. ఇంకొకాయనకి మెడ మీద చల్లగాలి తగిలిందట, మర్నాడే డ్యూటీ మార్పించుకున్నాడట. అక్కడ కిటికీ ఒకటి సరిగ్గా మూసుకోదు, కాబట్టి చల్లగాలి మాట నేను లెక్కచెయ్యను. మిగతాది నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

ఇంతమంది ఉండగా ఆ మలుపు పాలబడింది ఎవరయ్యా అంటే — మన కౌశిక్.

కౌశిక్‌ది కరీంనగర్. కార్డిఫ్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం. ఆరడుగుల మనిషి, జిమ్‌కి వెళ్తాడు, కండలున్నాయి. దెయ్యం మాటెత్తితే మాత్రం ఆ కండలు ఎందుకూ పనికిరావు. అర్ధరాత్రి బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా భార్యని లేపుతాడు. ఆ సంగతి భార్య ప్రణీత నలుగురిలో చెప్పి మరీ నవ్వుతుంది.

అలాంటివాడు రోజూ రాత్రి పాలసీసా పట్టుకుని ఆ మలుపు మీదుగా నడవాల్సొచ్చింది. ఎందుకంటే వాళ్ళ పాప తొందరపడింది. చలికాలం వెళ్ళిపోయాక రావలసిన పిల్ల, చలి ముదరకముందే వచ్చేసింది. రెండు అరచేతుల్లో పట్టేంత పిల్ల. అద్దాల పెట్టెలో, ముక్కుకి ఊపిరి మాస్కుతో... ఇరవయ్యొకటో రోజుదాకా పేరు పెట్టరు కాబట్టి అమ్మానాన్నలిద్దరూ బుజ్జమ్మ అని పిలుచుకుంటున్నారు. ప్రణీతకి ఆపరేషన్ కుట్లు ఇంకా మానలేదు. తల్లిదండ్రుల గదిలో ఉండి పాలు తీసి ఇస్తే, ఈయన యూనిట్‌కి మోస్తాడు.

డాక్టరమ్మ మొదట్లోనే చెప్పేసింది. మందుల సంగతి మాది, పాల సంగతి మీది, మిగతా పనంతా నిద్రది అంది. ఇంత చిన్న పిల్లలకి మెదడు పెరిగేదీ నిద్రలోనే, ఒళ్ళు చేసేదీ నిద్రలోనే అట. అందుకని ఆ గదిలో నిద్రకి జరిగే మర్యాదలు పెళ్ళికొడుక్కి కూడా జరగవు. పెట్టెల మీద మందపాటి దుప్పట్లు కప్పుతారు. దీపాలు తగ్గిస్తారు. డైపరు, మందు, సూది, అన్నీ ఒక్క విడతలో కానిచ్చేసి మళ్ళీ పిల్ల జోలికి పోరు. గోడకి చెవి ఆకారంలో ఒక దీపం ఉంటుంది. గదిలో సద్దు లేకపోతే ఆకుపచ్చగా వెలుగుతుంది, కాస్త పెరిగితే పసుపు, మితిమీరితే ఎరుపు. ఎవరైనా పెన్ను జారవిడిచారంటే ముందు చెవి వైపు చూస్తారు, తర్వాత ఆ మనిషి వైపు చూస్తారు.

ఈ వారం బుజ్జమ్మ కుదురుగా నిద్రపోతే మాస్కు తీసేస్తామన్నారు. నిద్ర చెడితే మాత్రం ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే ఊపిరి తీసుకోవడం మరిచిపోతుంది.

ఊపిరి తీసుకోవడం మరిచిపోవడం... ఆ మాట విన్న దగ్గర్నుంచీ కౌశిక్‌కి ముద్ద దిగడం లేదు.

ఇదంతా వరంగల్‌లో ఉన్న అత్తగారు పుష్పలీల వీడియో కాల్‌లో విన్నది. పాప ఫొటో తెప్పించుకుని చూసుకుంది. దిష్టి గట్టిగా తాకిందని అక్కడికక్కడే తేల్చేసింది. దొడ్డుప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యమంది. ఆసుపత్రిలో మిరపకాయలు కాలిస్తే ఫైరింజన్ వస్తుందత్తమ్మా అన్నాడు అల్లుడు. ఆవిడ దగ్గర దేనికైనా ఇంకో దారుంటుంది. పిల్లని ముట్టుకోనివ్వకపోతే ఫోన్లో ఫొటోకి తిప్పమంది. పొయ్యి లేకపోతే మూడు బాటలు కలిసేకాడ పడెయ్యమంది. ఒక్కటే షరతు పెట్టింది.

"పడేసినంక ఎనకకు తిరిగి చూడకు బిడ్డా. చూస్తివంటే అది నీ ఎంబడే వస్తది."

మూడు బాటలు కలిసేచోటు ఆసుపత్రిలో ఇంకెక్కడుంది? ఆ మలుపే.

సిటీ రోడ్డులో ఇండియన్ షాపుకెళ్ళి దొడ్డుప్పు, ఎండుమిర్చి తెచ్చుకున్నాడు. ప్రణీతకి చెప్పలేదు, చెబితే నవ్వుతుందని. ఆమె నిద్రపోయాక ఫోన్లో బుజ్జమ్మ ఫొటో తెరిచి, చుట్టూ పిడికిలి తిప్పి, జేబులో వేసుకుని పాలసీసాతో బయల్దేరాడు. యూనిట్లో పాలిచ్చి తిరిగొచ్చేటప్పుడు, మలుపు దగ్గర గోడ వారగా గుప్పెడు జారవిడిచి, వెనక్కి చూడకుండా గదిలోకొచ్చిపడ్డాడు. కాళ్ళు కడుక్కున్నాడు. మంచమెక్కి దుప్పటి ముసుగేశాడు.

కాసేపటికి...

కర్... కర్... కర్...

బయట కారిడార్లోనే. ఎవరో ఎముకలు నములుతున్న చప్పుడు. మలుపు దగ్గర మొదలై, మెల్లగా యూనిట్ వైపు సాగిపోయింది.

కౌశిక్ ముసుగు తియ్యలేదు. ప్రణీత చెయ్యి పట్టుకుని తెల్లవార్లూ అలాగే పడుకున్నాడు.

పొద్దున్న యూనిట్‌కెళ్తే రాత్రి నర్సు గ్వెన్ ఇంకా ఉంది. రాత్రి చెవి ఎర్రబడిందని చెప్పింది. బుజ్జమ్మ ఉలిక్కిపడిందట, ఊపిరి కాస్త తగ్గిందట, వెంటనే సర్దుకుందట. చప్పుడు ఎక్కడిదో, తను పక్క గదిలోంచి వచ్చి ఎంత వెదికినా తెలియలేదంది.

కౌశిక్‌కి తెలుసు. అది వచ్చింది. మలుపు దగ్గర్నుంచి వచ్చింది... నేరుగా వాళ్ళ పిల్ల దగ్గరికే వెళ్ళింది.

అత్తగారికి ఫోన్ కొట్టాడు. సప్పుడు చేస్తున్నదంటే అది మొండి రకమని ఆవిడ తేల్చింది. గుప్పెడుకి లొంగదు, రెండు గుప్పిళ్ళు వెయ్యమంది.

రెండు గుప్పిళ్ళు వేశాడు. ఆ రాత్రి కరకర రెండింతలైంది. పోతున్నప్పుడొకసారి, వస్తున్నప్పుడొకసారి. చెవి మళ్ళీ ఎర్రబడింది. బుజ్జమ్మ మళ్ళీ ఊపిరి మరిచింది.

ఆ పైరాత్రి జేబులు నిండా వేశాడు. ఇక చెప్పేదేముంది.

అప్పుడు డాక్టరమ్మ పిలిచి మెల్లగా చెప్పింది. ఇలా నిద్ర చెడుతుంటే మాస్కు తియ్యలేం, ఇంకా పెద్ద మిషన్ పెట్టాల్సి రావచ్చు అంది. ఈ ఒక్క రాత్రీ చూద్దామంది.

ప్రణీత ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని కౌశిక్ అనుకున్నాడు. మంచం మీద కూర్చుని, పొట్ట మీద దిండు అదుముకుని, గోడ వైపు చూస్తూ అంది:

"దాని నిద్ర చెడగొట్టేది ఎవరో నాకొక్కసారి కనబడాలె. ఈ కుట్లు లేకుంటే నేనే పోయి ఆడ కూసుందును."

కౌశిక్‌కి తల కొట్టేసినట్టయింది. లేవలేని మనిషి కాపలా కూర్చుంటానంటోంది... కాళ్ళున్న తను దుప్పటి ముసుగేసి పడుకుంటున్నాడు.

ఆ రాత్రి పాలిచ్చి మలుపు దాకా వచ్చాడు. ఉప్పు జారవిడిచాడు. నాలుగడుగులు వేశాడు.

వెనక... కర్.

ఆగిపోయాడు.

కర్... కర్...

వెనక్కి చూడకూడదు. చూస్తే అది వెంట వస్తుంది. చూడకపోతే — అది బుజ్జమ్మ దగ్గరికి పోతుంది. ఇన్ని రోజులూ అదే జరిగింది. చెమట కళ్ళలోకి కారుతోంది. వస్తే నా వెంటే రానీ, అనుకున్నాడు. పిల్ల దగ్గరికి పోకుండా ఉంటే అదే చాలు.

తిరిగాడు.

తెల్లటి గుట్ట ఒకటి... మనిషెత్తున... తనంతట తనే కదిలొస్తోంది. తల లేదు. చేతులు లేవు. కింద మాత్రం కరకరా నములుతోంది.

కౌశిక్ అరవబోయాడు. అరిస్తే చెవి ఎర్రబడుతుందని గుర్తొచ్చి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. చూశారా, ప్రాణం పోయేటప్పుడు కూడా వాడికి ఆ ఒక్క ఆలోచనే వచ్చింది.

గుట్ట ఆగింది. దాని పక్కనుంచి ఒక ముఖం బయటికొచ్చింది... నర్సు గ్వెన్‌ది. ఉతికిన దుప్పట్లు గుట్టగా పేర్చిన ట్రాలీని, రోజూ పోర్టర్ తెచ్చేదాన్ని, ఈ రాత్రి తనే తోసుకుని పిల్లల గదికి వెళ్తోంది. ఆమె కౌశిక్‌ని చూసింది, కిందకి చూసింది, వంగి ట్రాలీ చక్రం సందులోంచి ఏదో పీకింది. చిటికెన వేలంత ఎర్రటి ఎండుమిరపకాయ. ఇంకోసారి పీకితే చిన్న గాజుపెంకు లాంటి ఉప్పురాయి.

ఆమె గుసగుసగా అడిగింది: "ఇది మీదేనా?"

మనవాడు దాద్దామన్నా ముఖం దాచనివ్వలేదు. ఆగి ఆగి, మెల్లగా, మొత్తం చెప్పేశాడు. దిష్టి, ఫొటో, మూడు బాటలు, వెనక్కి చూడకూడదన్న షరతు. చెబుతుంటే తనకే తెలిసొచ్చింది. ఉప్పు వేసినరోజే కరకర. ఉప్పు పెంచినకొద్దీ కరకర. ట్రాలీ చక్రాల్లో ఇరుక్కున్న ఉప్పురాళ్ళు మలుపు నుంచి గదిలోకి, బుజ్జమ్మ పెట్టె పక్కదాకా, నేలంతా గీసుకుంటూ వెళ్ళాయి. ఒక్కసారి తలుపు తీసి వెనక్కి చూసుంటే మొదటి రాత్రే తెలిసిపోయేది. పొద్దున్న క్లీనర్లు ఎవరో బయటి తిండి తెచ్చుకుని ఒలకబోసుకున్నారనుకుని తిట్టుకుంటూ ఊడ్చేస్తున్నారట.

పిల్లని కాపాడుకుందామనుకున్నాడు. పిల్ల నిద్ర చెడగొట్టింది తనే. కౌశిక్ అక్కడే గోడకి జారబడి కూర్చున్నాడు, కళ్ళనీళ్ళు ఆగలేదు.

గ్వెన్ తిట్టలేదు. పక్కన కూర్చుంది. తన నాయనమ్మ కూడా ఉప్పు ఒలికితే, కీడు తగలకుండా ఎడమ భుజం మీంచి వెనక్కి విసిరేదని చెప్పింది. కాకపోతే ఆవిడ ట్రాలీల దారిలో విసరలేదంది. అంతే, కౌశిక్‌కి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. నవ్వితే చప్పుడవుతుంది, చప్పుడైతే పిల్లలు లేస్తారు... ఇద్దరూ చేతుల్లో ముఖాలు దాచుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా, సద్దు లేకుండా నవ్వారు. తర్వాత తడిపిన కాగితాలతో మోకాళ్ళ మీద పాకి ప్రతి రాయీ ఏరారు.

ఆ రాత్రి చెవి ఆకుపచ్చగానే ఉంది. బుజ్జమ్మ దుప్పటి నీడలో తెల్లారేదాకా పడుకుంది.

ప్రణీతకి చెబితే కుట్లు పట్టుకుని నవ్వి, నొప్పితో తిట్టి, మళ్ళీ నవ్వింది. పుష్పలీల మాత్రం ఓడిపోయే మనిషి కాదు. తప్పంతా అల్లుడిదేనంది. "సన్నుప్పు వేస్తే ఈ లొల్లి ఉండకపోవు గదా" అంది.

వారం తిరిగేలోపు మాస్కు తీసేశారు. ఆ రోజు ప్రణీత గుండె మీద, చర్మానికి చర్మం ఆనేలా, బుజ్జమ్మని పడుకోబెట్టారు. సొంత ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, నోరు కాస్త తెరుచుకుని, ఎంత హాయిగా పడుకుందో. కౌశిక్ ఆనందం పట్టలేకపోయాడు.

ఇంతవరకే అయితే ఇది నవ్వుకుని మరిచిపోయే కథ.

ఆ రాత్రి పాలసీసాతో వెళ్తూ కౌశిక్ బ్రాక్‌నెల్ అనే ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాడు. మాస్కు తీసేశార్రా అని సంతోషంలో గొంతు పెంచాడు. మలుపు దగ్గరికొచ్చాడు. బూట్లు నేల మీద కీచుకీచుమంటున్నాయి. ఉప్పు లేదు, ట్రాలీ లేదు, భయం లేదు.

"ష్..."

సరిగ్గా తన చెవి పక్కన. ఆడగొంతు. పాత వార్డు వైపునుంచి.

గ్వెన్ అయ్యుంటుందనుకుని యూనిట్ వైపు చూశాడు. అద్దం తలుపుల వెనక, దూరంగా, గ్వెన్ బుజ్జమ్మ పెట్టె మీద దుప్పటి సర్దుతోంది. కారిడార్లో ఇంకెవరూ లేరు.

ఇంకో రోజైతే పాలసీసా అక్కడే పారేసి పరిగెత్తేవాడు. ఆ రోజు మాత్రం, అది పిల్లల నిద్ర కోసం అన్న మాటేనని తోచి, ఫోన్ కట్ చేశాడు. వంగి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. సాక్సులతో, మునివేళ్ళ మీద నడిచాడు.

పక్కన ఇంకెవరివో అడుగులు... అంతే మెల్లగా.

కౌశిక్ అటు చూడలేదు, ఆగనూలేదు. యూనిట్ తలుపు చప్పుడు కాకుండా తెరిచాడు. తను లోపలికి వచ్చాక కూడా దాన్ని కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు, వెనకాల ఆ "ష్" అన్న ఆవిడ కూడా లోపలికి వచ్చేదాకా.